ట్రస్టు రాసుకున్నారు సరే, ఆస్తి అందులోకి చేరిందా?

ప్రశ్న: నేను రిటైర్డ్ టీచర్‌ను. మా అబ్బాయికి 27 ఏళ్లు, మేధో వైకల్యం ఉంది. మా తర్వాత వాడికి ఇబ్బంది రాకూడదని, వాడి కోసం ఆస్తిని నమ్మకస్తుల (ట్రస్టీల) చేతిలో పెట్టే ప్రైవేటు ట్రస్టు పెట్టాం. అమెరికాలో ఉన్న మా అమ్మాయి, ఇక్కడే ఉండే మా బావమరిది ట్రస్టీలు. వంద రూపాయల స్టాంపు కాగితం మీద రాయించి నోటరీ చేయించాం. ఇల్లు, పరకాల దగ్గర రెండెకరాలు, ఫిక్స్‌డ్ డిపాజిట్లు, ఎల్ఐసీ పాలసీ అన్నీ చివర జాబితాలో చేర్చాం. ఇంకా ఏమైనా చేయాలా?
– ఒక పాఠకుడు, హనుమకొండ

జవాబు: అసలు పని ఇప్పుడే మొదలవుతుందండి. ప్రస్తుతానికి ఆ జాబితాలోని ఇల్లు గానీ పొలం గానీ ట్రస్టువి కావు. స్థిరాస్తి మీద ట్రస్టు చెల్లాలంటే 1882 నాటి ఇండియన్ ట్రస్ట్స్ యాక్ట్ 5వ సెక్షన్ ప్రకారం పత్రం రిజిస్టర్ కావాలి, లేదంటే వీలునామాలో రాయాలి. నోటరీ ముద్ర రిజిస్ట్రేషన్ కిందికి రాదు. ఇలాగే వదిలేస్తే మీ దంపతుల తర్వాత ఇల్లు పిల్లలిద్దరికీ చెరిసగం వస్తుంది. అబ్బాయి వాటాను కదిలించాలంటే సంరక్షకుడి నియామకం, అనుమతులు అంటూ తిరగాల్సి వస్తుంది. మీరు తప్పించాలనుకున్నది అదే కదా.

ముందు ఇంటి సంగతి చూద్దాం. కొత్త ట్రస్టు డీడ్‌లో ఇంటి నంబరు, గజాలు, నాలుగు వైపుల హద్దులు, లింకు డాక్యుమెంట్ల (ఆస్తి చేతులు మారిన పాత పత్రాల) నంబర్లు రాయించి సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో రిజిస్టర్ చేయించండి. అంతకుముందే ఈసీ (ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీలు చూపే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) తీసి చూసుకోండి. ఇల్లు దంపతులిద్దరి పేరా ఉంటే ఇద్దరూ రాసిచ్చేవాళ్లుగా సంతకం చేయాలి, ఒకరి సంతకంతో సగమే వెళ్తుంది. బ్యాంకు లోన్ బాకీ ఉంటే బ్యాంకు అనుమతి లేకుండా ముందుకు పోవద్దు. స్టాంపు డ్యూటీ దగ్గరే చాలామంది తడబడతారు. ఆస్తిని బదిలీ చేసే పత్రం కాబట్టి దాని విలువ మీద లెక్క కడతారు, పత్రంలోని మాటలను బట్టి మొత్తం మారిపోతుంది. అందుకే ముసాయిదాను ముందుగా చూపించి, లెక్క తేలాకే చలానా కట్టండి. రిజిస్ట్రేషన్ అయ్యాక కార్పొరేషన్‌లో ఇంటిపన్ను పేరు, ఎన్‌పీడీసీఎల్‌లో కరెంటు మీటరు పేరు మార్పించుకోండి.

పొలాన్ని మాత్రం ఇప్పుడే ట్రస్టులో పెట్టమని మేం చెప్పం. పాస్‌బుక్, పంట రుణం, రైతు భరోసా అన్నీ పట్టాదారు పేరుతో ముడిపడి ఉంటాయి. వీలునామాలో ‘నా తదనంతరం ఈ సర్వే నంబరు భూమి ఫలానా ట్రస్టు ట్రస్టీలకు చెందాలి’ అని రాసి రిజిస్టర్ చేయించుకోండి. వీలునామాకు స్టాంపు డ్యూటీ ఉండదు. అయితే ఆ భూమి మీ స్వార్జితమా, తాతల నాటిదా అన్నది ముందు తేల్చుకోండి. పిత్రార్జితమైతే మీ వాటా వరకే మీకు హక్కు. హిందూ వారసత్వ చట్టానికి 2005లో చేసిన సవరణ ప్రకారం కూతుళ్లకు కూడా అందులో వాటా ఉంది. అసైన్డ్ భూమి (ప్రభుత్వం పేదలకు ఇచ్చినది) అయితే 1977 నాటి అసైన్డ్ భూముల బదిలీ నిషేధ చట్టం ప్రకారం బదిలీయే కుదరదు.

బ్యాంకు డబ్బు సంగతికొస్తే, మొదట ట్రస్టు పేరుతో పాన్ తీసుకోవాలి, దానితో ఖాతా తెరవాలి. డిపాజిట్లను మధ్యలో తెంపితే వడ్డీ కోత పడుతుంది, గడువు తీరేకొద్దీ ఒక్కొక్కటిగా ట్రస్టు ఖాతాలోకి మళ్లించండి. సీనియర్ సిటిజన్ సేవింగ్స్ స్కీమ్, పీపీఎఫ్ వ్యక్తులకే, ట్రస్టు పేరుకు మారవు. వాటికి నామినీ రాసుకోవాలి. ఇక్కడ తల్లిదండ్రులు ప్రేమకొద్దీ అబ్బాయినే నామినీగా రాసేస్తుంటారు. రేపు ఆ సొమ్ము అతను సంతకం పెట్టలేని ఖాతాలో పడి ఆగిపోతుంది. నమ్మకమైన మనిషిని నామినీగా పెట్టి, ఆ సొమ్మును ట్రస్టుకు చేర్చాలని వీలునామాలో రాయండి. నామినీ డబ్బు అందుకునే మనిషే తప్ప యజమాని కాడు.

ఎల్ఐసీ పాలసీని ట్రస్టీల పేర అసైన్ చేసి (అంటే పాలసీ హక్కులు వాళ్లకు రాసిచ్చి), బాండుతో పాటు బ్రాంచిలో నోటీసు ఇవ్వండి. అసైన్‌మెంట్ నమోదైతే పాత నామినేషన్ దానంతటదే రద్దవుతుంది. ఫ్యామిలీ పెన్షన్ ట్రస్టు ఆస్తి కాదు. సదరం సర్టిఫికెట్ జతచేసి, పెన్షన్ రికార్డుల్లో అబ్బాయి పేరు మీరు ఉండగానే ఎక్కించుకోండి.

మరో రెండు విషయాలున్నాయి. పత్రంలో వేరే ఏర్పాటు లేకపోతే ట్రస్టీలంతా కలిసే చేయాలని ట్రస్ట్స్ యాక్ట్ 48వ సెక్షన్ అంటుంది. అంటే చిన్న చెక్కుకైనా అమెరికా నుంచి సంతకం రావాలి. ఇక్కడ ఉండే మరొకరిని మూడో ట్రస్టీగా చేర్చి, ఇద్దరి సంతకం చాలని రాయించండి. ఎవరైనా చనిపోతేనో తప్పుకుంటేనో ఆ స్థానంలోకి ఎవరు రావాలో కూడా పేరుతో రాయాలి. రెండోది సంరక్షకత్వం. 18 దాటిన కొడుక్కి తల్లిదండ్రులు చట్టం దృష్టిలో తమంత తాము సంరక్షకులు కారు. 1999 నేషనల్ ట్రస్ట్ చట్టం కింద కలెక్టర్ అధ్యక్షతన ఉండే స్థానిక స్థాయి కమిటీకి దరఖాస్తు పెట్టుకోండి. ట్రస్టీ డబ్బు చూస్తాడు, సంరక్షకుడు మనిషిని చూస్తాడు. రెండూ ఒకరి చేతిలోనే ఉంటే లెక్క అడిగేవాళ్లు ఉండరు, వేర్వేరు వ్యక్తులను పెట్టడమే మంచిది.

ప్రశ్న: మిత్రుడి చిట్టీకి జమానతు సంతకం పెట్టాను. అతను కిస్తులు ఆపేశాడు, నాకు నోటీసు వచ్చింది. ఇల్లు పిల్లల ట్రస్టుకు రాస్తే అప్పుల వాళ్లు ముట్టుకోలేరంటున్నారు, నిజమేనా?
– కాజీపేట పాఠకుడు

జవాబు: ఇప్పుడు రాస్తే నిలవదు. అప్పులవాళ్లను ఎగ్గొట్టే ఉద్దేశంతో చేసిన బదిలీని వాళ్లు కోర్టులో రద్దు చేయించవచ్చని ఆస్తి బదిలీ చట్టం 53వ సెక్షన్ చెబుతోంది. నోటీసు తేదీ తర్వాత ఏ ప్రతిఫలమూ లేకుండా పిల్లల పేర రాస్తే ఆ ఉద్దేశం చెప్పకనే తెలిసిపోతుంది, పైగా కట్టిన డ్యూటీ తిరిగి రాదు. బాకీ విషయం తేల్చుకునే దారి చూడండి.

ప్రశ్న: ట్రస్టును ఎప్పుడైనా రద్దు చేసుకునేలా రాసుకుంటే నష్టమేంటి?
– జగిత్యాల పాఠకుడు

జవాబు: ఆ హక్కు పత్రంలో స్పష్టంగా అట్టిపెట్టుకుంటే రద్దు కుదురుతుంది. అలా పెట్టుకున్నంత కాలం ట్రస్టు ఆదాయాన్ని మీ ఆదాయంలోనే కలిపి పన్ను వేస్తారు. రద్దు కుదరని ట్రస్టులో లబ్ధిదారుడి వాటా ఇంతని తేల్చి రాస్తే అతని శ్లాబు ప్రకారం పన్ను పడుతుంది. ఎవరికెంతన్నది ట్రస్టీల ఇష్టానికి వదిలితే సాధారణంగా అత్యధిక రేటు పడుతుంది.