కలప ఇంట్లో మిగిలే ఆ పది శాతం

ప్రశ్న: మేమిద్దరం ఉద్యోగులం. మా స్థలంలో ఇల్లు కట్టుకోవాలనుకుంటున్నాం. కలపతో కడితే ఇటుక ఇంటికంటే పది శాతం తక్కువవుతుందని, ఆరు నెలల ముందే పూర్తవుతుందని చెబుతున్నారు. రుణం 20 ఏళ్లకు తీసుకుంటాం. వారాంతాల్లో తప్ప ఇంటి పనులు చూసుకునే తీరిక ఉండదు. ఏది లాభం?

జవాబు: ఇటుక ఇంటి ఖర్చు 100 అనుకుందాం, కలప ఇంటిది 90. తేడా 10 చిన్నదేమీ కాదు. దాన్ని 9 శాతం వడ్డీకి 20 ఏళ్ల రుణంగా తెస్తే, వాయిదాలన్నీ కలిపి దాదాపు 21.6 కట్టాలి. అందుకే ఆ పది శాతం మాట వినగానే ఎవరికైనా మనసు లాగుతుంది.

ఆరు నెలల ముందే పూర్తవడం గురించి మాత్రం మరీ సంబరపడకండి. రుణం తీసుకున్నాక వడ్డీ ఎలాగూ కట్టాలి. మీకు నిజంగా మిగిలేది ఆరు నెలల ఇంటి అద్దె. ఇప్పుడు అద్దె కట్టడం లేదంటే, అదీ లేదు.

అసలు లెక్క పూతల దగ్గర మొదలవుతుంది. కలప గోడకు ఎండా వానా తగులుతూనే ఉంటాయి. ఇటుక ఇంటికయ్యేదానికంటే అదనంగా, ఐదేళ్లకోసారి 2 చొప్పున ఖర్చవుతుందనుకోండి. 30 ఏళ్లలో ఆరుసార్లు, మొత్తం 12. ఆ డబ్బును ఇప్పుడే 7 శాతం రాబడి వచ్చే చోట వేసి ఉంచితే 4.3 సరిపోతుందని పుస్తకం లెక్క చెబుతుంది. కానీ రంగుల ధర, కూలి అలాగే ఉండవు కదా. అవి ఏటా 5 శాతం పెరిగితే ఈరోజే 8.7 పక్కన పెట్టాలి. అంటే మిగిలిందనుకున్న పదిలో చేతికి దక్కేది 1.3. ఇందులో 2 అనేది నేను వేసిన అంకె. మీ అంకెను మేస్త్రీని కాదు, పదేళ్లుగా కలప ఇంట్లో ఉంటున్నవారిని అడగండి. వీలైతే ఆ ఇంటి గుమ్మం అడుగు భాగంలో, చెక్క నేలకు దగ్గరయ్యే చోట, చిన్న చాకుమొన గుచ్చి చూడండి. సులువుగా దిగిందంటే పుచ్చు మొదలైనట్టే. పునాది గోడ మీద పెన్సిలంత మందాన మట్టి గీతలు పాకి కనిపిస్తే అవి చెదల దారులు.

ఇటుక ఇల్లు మాత్రం ఊరికే నిలబడుతుందా? పగుళ్లలోంచి తేమ దిగితే కాంక్రీటు లోపలి ఇనుము తుప్పు పడుతుంది, ఆ మరమ్మతు చౌక కాదు. పైగా బరువు చూడండి: ఘనమీటరు కాంక్రీటు దాదాపు 2,400 కిలోలు, దేవదారు జాతి మెత్తని కలప 500 కిలోల చుట్టుపక్కల. నేల మెత్తనిదైతే బరువైన ఇంటికి పునాది ఖర్చు పెరిగి, ఆ పది శాతం తేడా ఇంకా పెరగవచ్చు. కాబట్టి మట్టి పరీక్ష చేయించకముందు ఇచ్చిన అంచనాలను పోల్చకండి. భూకంపాలు వచ్చే నేలైతే, ఇనుము లేని ఇటుక కట్టడం జోలికే వెళ్లవద్దు.

రుణదాతనూ బీమా సంస్థనూ ఒప్పందం మీద సంతకం పెట్టకముందే కలవండి. కలప ఇంటికి ప్రీమియం ఎంత, రుణ గడువు తగ్గిస్తారా అన్నది కాగితం మీద రాయించుకోండి. ప్రీమియం ఏటా 0.1 ఎక్కువైనా 30 ఏళ్లకు 3 అవుతుంది. దాన్నీ అదే 7 శాతం రాబడితో ఈరోజు లెక్కకు తెస్తే దాదాపు 1.2. పైన మిగిలిన 1.3 దాదాపు అంతా దానికే పోతుంది.

మీ విషయంలో నేను ఇటుక వైపే మొగ్గుతాను. చెక్కకు కావలసింది అప్పుడప్పుడు దగ్గరికి వెళ్లి చూసే మనిషి, మీకు లేనిది ఆ తీరికే. అయినా కలపే కావాలంటే, గృహప్రవేశం నాడే ఆ 8.7ను విడిగా ఒక డిపాజిట్‌లో వేయండి. ఫర్నిచర్‌కు మాత్రం దాన్ని ముట్టుకోకండి.