రమ్మీ వచ్చినవాళ్లకు పోకర్‌లో తిరకాసు ఎక్కడ?

అడిగిన ప్రశ్న ఇది: "బెంగళూరుకు కొత్తగా వచ్చాను. ఆఫీసు ఫ్రెండ్స్ వీకెండ్‌లో పోకర్‌కి పిలుస్తున్నారు. నాకు రమ్మీ, మూడు ముక్కలాట తప్ప ఏమీ రావు. బేసిక్స్ ఎలా నేర్చుకోవాలి? యాప్‌లో నేర్చుకోవచ్చా?"

మారతహళ్ళిలో మా ఫ్లాట్‌లో శనివారం రాత్రి ఆట పడితే కొత్తవాళ్లకు నేర్పే పని నా మీదే పడుతుంది. వచ్చేవాళ్లలో ఎక్కువమంది మన గుంటూరు, నెల్లూరు, కర్నూలు వాళ్లే. సంక్రాంతికి చాప మీద కూర్చుని రమ్మీ ఆడి పెరిగిన బ్యాచ్. రూల్స్ వీళ్లకు గంటలో వచ్చేస్తాయి. ముక్కలు పడేసి ఆ ఆట వదులుకోవడం (ఫోల్డ్) మాత్రం ఎంతకీ రాదు.

ముందు ఆట సంగతి. మీ ఫ్రెండ్స్ ఆడేది టెక్సస్ హోల్డెమ్ అయి ఉంటుంది. ఒక్కొక్కరికి రెండు ముక్కలు మూసి ఇస్తారు. డీలర్ పక్కనున్న ఇద్దరు ముక్కలు చూడకముందే కొంత కట్టాలి. వాటినే స్మాల్ బ్లైండ్, బిగ్ బ్లైండ్ అంటారు. ఒక రౌండు పందెం అయ్యాక మధ్యలో మూడు ముక్కలు తెరుస్తారు (ఫ్లాప్), తర్వాత ఒకటి (టర్న్), చివర ఇంకొకటి (రివర్). తెరిచిన ప్రతిసారీ మళ్లీ పందెం. మీ రెండూ, మధ్యలోని అయిదూ కలిపి ఏడింటిలో మంచి అయిదు ముక్కలే మీ ఆట.

అయిదు అంటే అయిదే. దీన్ని వినేటప్పుడు అందరూ తలూపుతారు. మొన్న ఒకతను ఏడుల జత పట్టుకుని చివరిదాకా వచ్చాడు. మధ్యలో రెండు రాజులు, రెండు తొమ్మిదులు, ఒక ఆసు ఉన్నాయి. ముక్కలు చూపించి "మూడు జతలు బాస్!" అంటూ పాట్ (మధ్యలో పోగైన పందెం) మొత్తం తన వైపు లాగేసుకోబోయాడు. ఎదుటివాడి చేతిలో రాణి, జాకీ. నిజానికి ఇద్దరి ఆటా ఒకటే: రాజుల జత, తొమ్మిదుల జత, ఆసు. ఏడులకు అక్కడ చోటే లేదు. పాట్ చెరిసగం. ఎదుటివాడి దగ్గర ఒక ఆసు ఉండుంటే సగం కూడా దక్కేది కాదు.

ఏది దేన్ని కొడుతుందో వరస ఇది, కింది నుంచి పైకి: పెద్ద ముక్క, జత, రెండు జతలు, మూడు ఒకేలాంటివి, వరస (స్ట్రెయిట్), అయిదూ ఒకే గుర్తువి (ఫ్లష్, మన కలర్), ఫుల్ హౌస్ (మూడు ఒకేలాంటివి, ఒక జత), నాలుగు ఒకేలాంటివి, ఒకే గుర్తులో వరస. మూడు ముక్కలాట అలవాటున్నవాళ్లు ఇక్కడే గొడవకు దిగుతారు, ఎందుకంటే అందులో వరస కలర్‌ను కొడుతుంది. ఇక్కడ తిరగబడింది. కారణం లెక్కే. మూడు ముక్కలతో వచ్చే 22,100 చేతుల్లో వరసలు 720, కలర్లు 1,096. వరస అరుదు కాబట్టి దానికి విలువ ఎక్కువ. అయిదు ముక్కలకు వచ్చేసరికి 25,98,960 చేతుల్లో వరసలు 10,200, కలర్లు 5,108. అరుదైంది మారింది, దాంతో విలువా మారింది. ఈ లెక్క చెప్పాక మా దగ్గర మళ్లీ ఎవరూ వాదించలేదు. ఒక్క కర్నూలు తమ్ముడు మాత్రం "అయినా మా ఊళ్లో ఇట్ల కాదన్నా" అన్నాడు.

ఇక అసలు తిరకాసు. రమ్మీలో మొదట్లోనే డ్రాప్ చేసినా ఇరవై పాయింట్లు పోతాయి. అందుకే చెత్త ముక్కలు వచ్చినా జోకర్ పడుతుందేమోనని లాగడం మనకు అలవాటు. పోకర్‌లో బ్లైండ్ కట్టే వంతు మీది కాకపోతే, ముక్కలు పడేయడానికి మీకు పైసా ఖర్చు లేదు. చేతికి ఏదో ఒక జత రావడం సగటున 17 సార్లకు ఒకసారి, ఆసుల జత అయితే 221 సార్లకు ఒకసారి. కాబట్టి ఎక్కువసార్లు పడేసి, ఫోన్ చూడకుండా మిగతావాళ్లు ఎలా ఆడుతున్నారో చూడండి. నేర్చుకోవడం అక్కడే జరుగుతుంది. డీలర్ బటన్ (డీలర్ వంతు ఎవరిదో చూపే బిళ్ల) మీ ముందున్నప్పుడు ఇంకొంచెం ధైర్యం చేయొచ్చు. ఫ్లాప్ తర్వాత చివర మాట్లాడేది మీరే, అందరూ ఏం చేశారో చూసి నిర్ణయించుకోవచ్చు.

రెండోది, పాట్ లెక్క. మీ చేతిలో రెండు ఇస్పేట్లు, మధ్యలో నాలుగు ముక్కలు తెరిచాక అందులో ఇంకో రెండు ఇస్పేట్లు ఉన్నాయనుకోండి. మిగిలిన ఇస్పేట్లు తొమ్మిది. ఒక్క ముక్కే రావాల్సి ఉంటే ఆ సంఖ్యను రెండుతో, ఫ్లాప్ దగ్గరే ఉండి రెండూ ఎలాగూ చూడబోతుంటే నాలుగుతో గుణిస్తే సుమారు శాతం వస్తుంది. ఇక్కడ ఒక్కటే మిగిలింది, పద్దెనిమిది వస్తుంది. అసలు లెక్క 20కి కాస్త తక్కువ. పాట్‌లో ముప్ఫై ఉండగా ఎదుటివాడు పది వేశాడు. మీరు పది పెడితే మొత్తం యాభై, అందులో మీ వాటా అయిదో వంతు, అంటే 20 శాతం. ఇస్పేటు వచ్చే అవకాశానికి దాదాపు సరిసమానం. పెట్టొచ్చు. అదే అతను ముప్ఫై వేస్తే మొత్తం తొంభైలో మీరు పెట్టేది మూడో వంతు. ఎంత ఆశగా ఉన్నా పడేయండి. మనసులో ఈ మాత్రం లెక్క చేస్తే చాలు, పెద్ద పుస్తకాలేం అక్కర్లేదు.

బ్లఫ్ (చెత్త ముక్కలతో పెద్ద పందెం వేసి ఎదుటివాళ్లను భయపెట్టడం) గురించి ఇప్పుడే ఆలోచించకండి. కొత్తవాళ్ల టేబుల్ మీద ఎవరూ పడేయరు కాబట్టి అది పారదు.

డబ్బు లేకుండా ఆడితే నేర్చుకోవచ్చా అంటే, ఊరికే ఆడితే రాదు. పోయేదేమీ లేకపోతే ప్రతివాడూ ప్రతిదానికీ కాల్ కొడతాడు, అంటే ఎదుటివాడు వేసినంతా తానూ పెడతాడు. మేం రాజ్మా గింజలతో ఆడతాం, తలా వంద. గింజలన్నీ ముందు అయిపోయినవాడు రాత్రి భోజనాల గిన్నెలు కడగాలి. పనమ్మాయి రాని ఆదివారం ముందు రోజైతే ఆట ఇంకా సీరియస్‌గా నడుస్తుంది.

యాప్ సంగతి: ఉత్తుత్తి చిప్స్‌తో ఆడేవాటిలో ఏది దేన్ని కొడుతుందో గుర్తుపెట్టుకోవడానికి ఆడండి, అంతకుమించి నమ్మకండి. డబ్బు పెట్టి ఆన్‌లైన్‌లో ఆడే ఆటలను, నైపుణ్యం ఆటలతో సహా, 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టం నిషేధించింది. "రమ్మీ నైపుణ్యం ఆట అని సుప్రీంకోర్టే చెప్పింది కదా" అని మీ ఫ్రెండ్స్ అంటారు. నిజమే, 1967లో సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బు కేసులో చెప్పింది. కొత్త చట్టం నైపుణ్యమా, అదృష్టమా అన్న తేడానే చూడదు. కాబట్టి ఎవరైనా లింకు పంపి "బోనస్ ఇస్తారు, డిపాజిట్ చెయ్" అంటే చేయొద్దు. మీ ఫ్రెండ్స్ డబ్బుతో ఆడుతున్నారేమో కూడా వెళ్లే ముందే అడగండి. అలాగైతే మొదటి రెండు వారాలు పక్కన కూర్చుని చూస్తానని చెప్పండి, ఎవరూ ఏమీ అనుకోరు.