హోటల్‌కి తాళం వేసే పవర్ ఫుడ్ సేఫ్టీ ఆఫీసర్‌కి ఉంటుందా?

ప్రశ్న: మా అమ్మాయి బీఎస్సీ మైక్రోబయాలజీ ఆఖరి సంవత్సరం చదువుతోంది. హైదరాబాద్ హోటళ్లలో తనిఖీల వీడియోలు చూసి ఫుడ్ సేఫ్టీ ఆఫీసర్ అవుతానని పట్టుబట్టింది. అక్కడికక్కడే హోటల్ మూయించే పవర్ ఉంటుందట. అంత పవర్ ఉన్నచోట గొడవలూ ఒత్తిళ్లూ ఉంటాయని మాకు టెన్షన్‌గా ఉంది. అంతకన్నా లా చదివించడం మేలంటారా? – ఒక తండ్రి, తెనాలి

జవాబు: అమ్మాయిని ఆపకండి. అయితే ఆ వీడియోల వల్ల ఏర్పడిన అభిప్రాయాన్ని మాత్రం ఇప్పుడే సరిచేయండి. ఫుడ్ సేఫ్టీ ఆఫీసర్ తనంతట తానుగా హోటల్‌కి తాళం వేయలేరు.

2006 నాటి ఆహార భద్రత, ప్రమాణాల చట్టం 2011 ఆగస్టు 5 నుంచి అమల్లో ఉంది. ఇది అధికారాలను ఒకరి చేతిలో పెట్టకుండా మెట్లు మెట్లుగా పంచింది. ఆఫీసర్ ఆహారం తయారయ్యే, నిల్వ ఉండే, అమ్మే చోటుకి వెళ్లి తనిఖీ చేయొచ్చు. శాంపిల్ తీయొచ్చు, అనుమానం ఉన్న సరుకును సీజ్ చేయొచ్చు. లోపాలు సరిదిద్దుకోమని నోటీసు ఇచ్చేది మాత్రం ఆ పైన ఉండే డిజిగ్నేటెడ్ ఆఫీసర్. ఆ నోటీసులో కనీసం 14 రోజులు గడువు ఇవ్వాలి. అప్పటికీ మారకపోతే లైసెన్సు సస్పెండ్ చేస్తారు, ఆ తర్వాత రద్దు. జనం ఆరోగ్యానికి ముప్పు ఉందనుకుంటే, కారణాలు రాసిపెట్టి వెంటనే సస్పెండ్ చేసే వీలు కూడా డిజిగ్నేటెడ్ ఆఫీసర్‌కే ఉంది. అత్యవసర నిషేధమైతే రాష్ట్ర ఫుడ్ సేఫ్టీ కమిషనర్ ఉత్తర్వు ఇవ్వాలి. దానికీ కనీసం ఒక రోజు ముందు యజమానికి నోటీసు అందాలి. హోటల్ గోడకి ఆ ఉత్తర్వు అంటించేది మీ అమ్మాయి లాంటి ఆఫీసరే కావచ్చు, కింద సంతకం మాత్రం కమిషనర్‌ది.

ఒక ఆహార పదార్థాన్నే రాష్ట్రమంతా నిషేధించే అధికారం కూడా కమిషనర్‌దే, అదీ గరిష్ఠంగా ఏడాది వరకు. పచ్చి గుడ్లతో చేసే మయోనైజ్‌ను తెలంగాణ 2024 అక్టోబర్ 30 నుంచి ఏడాది పాటు నిషేధించింది గుర్తుందా? అలాంటి నిర్ణయాలకు బలం కింది స్థాయి శాంపిళ్ల నుంచి, ఫుడ్ పాయిజనింగ్ ఫిర్యాదుల విచారణ నుంచి వస్తుంది.

అందుకే నేను ఎక్కువగా చెప్పాలనుకుంటున్నది శాంపిల్ గురించి. కేసు నిలబడేదీ పడిపోయేదీ అక్కడే. తీసిన సరుకుకి మామూలు అమ్మకం ధర చెల్లించాలి. సాక్షుల చేత సంతకం పెట్టించుకోవాలి. శాంపిల్‌ని నాలుగు భాగాలు చేసి, సీలు వేసి, ఒకటి ల్యాబ్‌లో ఆహారాన్ని పరీక్షించే ఫుడ్ అనలిస్ట్‌కి, రెండు డిజిగ్నేటెడ్ ఆఫీసర్‌కి పంపాలి. వ్యాపారి కోరితే నాలుగోది గుర్తింపు పొందిన మరో ల్యాబ్‌కి వెళ్తుంది. రెండు రిపోర్టులూ కలవకపోతే రిఫరల్ ల్యాబ్ మాటే చివరిది. అనలిస్ట్ 14 రోజుల్లో రిపోర్టు ఇవ్వాలి. ఇంత వరసలో ఎక్కడ సీలు సరిగ్గా లేకపోయినా, పంచనామాలో తేదీ తప్పు పడినా, పాడైన మాంసం అమ్మినవాడు దర్జాగా బయటపడతాడు. అది తిని జబ్బుపడిన పిల్లలకు న్యాయం జరగదు. బ్యాక్టీరియా పరీక్షకి పంపే శాంపిల్‌ని ఎంత శుభ్రంగా తీయాలో, ఎందుకు చల్లగా ఉంచాలో మైక్రోబయాలజీ చదివిన పిల్లకి ఒకరు చెప్పనక్కర్లేదు. మీ అమ్మాయికి ఇది పెద్ద బలం.

ఇక మీ భయం సంగతి. ఒత్తిళ్లు ఉంటాయండి, లేవని చెప్పను. ఫోన్లు వస్తాయి, కొన్నిచోట్ల యజమానులు గట్టిగా అరుస్తారు. కానీ విధుల్లో ఉన్న ఆఫీసర్‌ని అడ్డుకుంటే మూడు నెలల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా అని చట్టంలోనే ఉంది. అదే చట్టం ఆఫీసర్‌నీ కట్టడి చేసింది. సరైన కారణం లేకుండా వేధించడానికి సరుకు సీజ్ చేస్తే ఆఫీసర్‌కే లక్ష వరకు జరిమానా పడొచ్చు. ఇది న్యాయమేనని నా అభిప్రాయం. చిన్న మిఠాయి కొట్టువాడికి కూడా రక్షణ ఉండాలి కదా. శిక్ష వేసేది కూడా ఆఫీసర్ కాదు. జరిమానాతో సరిపోయే కేసులు అదనపు జిల్లా మెజిస్ట్రేట్ స్థాయికి తగ్గని అధికారి ముందుకు వెళ్తాయి, జైలు శిక్ష పడే కేసులు కోర్టుకి. ప్రమాదకర ఆహారం వల్ల ప్రాణం పోతే ఏడేళ్లకు తగ్గని జైలు, యావజ్జీవం కూడా పడొచ్చు.

అర్హత విషయంలో ఇబ్బంది లేదు. ఫుడ్ టెక్నాలజీ, డెయిరీ టెక్నాలజీ, బయోటెక్నాలజీ, వ్యవసాయం, వెటర్నరీ, బయోకెమిస్ట్రీ, మైక్రోబయాలజీ డిగ్రీలు, కెమిస్ట్రీలో అయితే పీజీ, లేదా వైద్య డిగ్రీ ఉండాలి. మైక్రోబయాలజీ మూడు సబ్జెక్టుల్లో ఒకటిగా చదివి ఉంటే నోటిఫికేషన్‌లో మాటలు ఒకటికి రెండుసార్లు చూసుకోండి. అసలు కష్టం పోస్టుల సంఖ్యతో. తెలంగాణలో 2022లో నోటిఫికేషన్ వచ్చినప్పుడు రాష్ట్రమంతటికీ 24 పోస్టులే. మళ్లీ ఎప్పుడు వస్తుందో తెలియని పరీక్ష కోసం ఏళ్ల తరబడి కోచింగ్‌లో కూర్చోబెట్టడం నాకు ఇష్టం లేదు.

కాబట్టి ముందు ఎమ్మెస్సీ చేయించండి. ఆ అర్హతకి ఆహార పరీక్షల్లో అనుభవం కూడా తోడైతే, కేంద్ర ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నిర్వహించే ఫుడ్ అనలిస్ట్ పరీక్ష రాయొచ్చు. ఆహార కంపెనీల్లో క్వాలిటీ విభాగం ఉద్యోగాలూ ఉంటాయి. నోటిఫికేషన్ వస్తే అక్కడి నుంచే రాయవచ్చు. లా గురించి అడిగారు. ఇప్పుడే తొందర లేదు, డిగ్రీ ఉంటే లాసెట్ రాసి మూడేళ్ల ఎల్‌ఎల్‌బీ తర్వాతైనా చేయొచ్చు. సైన్సూ చట్టమూ రెండూ తెలిసినవాళ్లు ఈ రంగంలో బాగా తక్కువ.

ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ వెబ్‌సైట్లో చట్టం ఉచితంగా దొరుకుతుంది. అమ్మాయిని 30 నుంచి 47 వరకు సెక్షన్లు చదవమనండి, పెద్ద ఎక్కువేం కాదు. చదివాక, వీధి చివర బిర్యానీ సెంటర్ మీద ఫిర్యాదు వస్తే మొదటి రోజు ఏం చేయాలో, ఏ కాగితం ఎవరికి పంపాలో తనని రాసి చూపించమనండి. ఆ పని హుషారుగా చేస్తే పరీక్షకి సిద్ధం చేయించండి. విసుగనిపిస్తే ల్యాబ్ వైపు పంపండి.