ఉద్యోగుల చేత పోస్టులు పెట్టించడం కూడా ఒక ఉద్యోగమేనా?

ప్రశ్న: మా అమ్మాయి ఎంబీఏ పూర్తి చేసింది. రెండు ఆఫర్లు వచ్చాయి. ఒకటి హెచ్‌ఆర్ ఎగ్జిక్యూటివ్. రెండోది 'ఎంప్లాయీ అడ్వకసీ' అట, అంటే కంపెనీలో పనిచేసేవాళ్లు లింక్డ్‌ఇన్ లాంటి చోట్ల తమ కంపెనీ గురించి మంచిగా రాసేలా వాళ్లను ప్రోత్సహించడం. జీతాల్లో పెద్ద తేడా లేదు. తనకు రెండోదే కావాలంటోంది. తను నెమ్మది మనిషి, నలుగురిలో చొరవగా మాట్లాడదు. తన లింక్డ్‌ఇన్ ఖాతా కూడా నేనే చూస్తాను, వారం వారం పోస్టులు నేనే రాసి పెడుతున్నాను. ఈ పనికి భవిష్యత్తు ఉందా? రెండింటినీ పోల్చి చెప్పండి.

జవాబు: ఉద్యోగాల పేర్లు మారుతున్నాయి గానీ, నాకు వచ్చే ఉత్తరాల్లో భయం మాత్రం ఎప్పుడూ ఇదేనండీ. "హెచ్‌ఆర్‌లో చేస్తోంది" అంటే అవతలివాళ్లు తలూపుతారు. "ఎంప్లాయీ అడ్వకసీ" అంటే "అదేంటి?" అని మళ్లీ అడుగుతారు, అక్కడ మీరు తడబడతారు. ఆ తడబాటు మీది. మీ అమ్మాయి ఆ పనేమిటో తెలుసుకునే ఇష్టపడినట్టుంది, కాబట్టి ముందు అది ఎందుకు పుట్టిందో మీరు కూడా వినండి.

కంపెనీ పేజీలో పెట్టిన పోస్టును ఊరికే చూసేవాళ్లు ఇప్పుడు తక్కువ. 2018 జనవరిలో ఫేస్‌బుక్ తన ఫీడ్‌లో వ్యాపార సంస్థల పేజీల కంటే స్నేహితులు, కుటుంబ సభ్యుల పోస్టులకే పెద్ద పీట వేస్తామని బహిరంగంగా ప్రకటించింది. డబ్బు పెట్టి ప్రకటన వేస్తే తప్ప పేజీ మాట జనం దాకా వెళ్లడం కష్టమైపోయింది. అదే, ఆ కంపెనీలో పనిచేసే మనిషి తన సొంత ఖాతాలో నాలుగు ముక్కలు రాస్తే పాత సహోద్యోగులు, క్లాస్‌మేట్లు, అదే రంగంలో ఉద్యోగం వెతుక్కుంటున్నవాళ్లు ఆగి చదువుతారు, ఎందుకంటే రాసింది తమకు తెలిసిన మనిషి. అది చూసే కంపెనీలు తమ వాళ్ల చేతే చెప్పించుకోవాలనే దారి పట్టాయి. ఆ పని చూసుకోవడానికి ఒకరు కావాలి. కాబట్టి ఇది ఉద్యోగమే, ఆ అనుమానం వదిలేయండి.

నా అనుమానాలు వేరే ఉన్నాయి, అవి దాచను.

చాలా చోట్ల ఈ పని ఎలా జరుగుతుందంటే, ఉదయం అందరికీ ఒక మెయిల్ వస్తుంది, "కింది పోస్టును మీ ఖాతాలో షేర్ చేయగలరు" అని. మధ్యాహ్నం లింక్డ్‌ఇన్ తెరిస్తే అకౌంట్స్ వాళ్లు, టెస్టింగ్ వాళ్లు, నిన్న చేరిన ట్రెయినీ, అందరి గోడ మీదా అక్షరం పొల్లుపోకుండా ఒకటే వాక్యం: "ఈ అద్భుత ప్రయాణంలో భాగమైనందుకు గర్వంగా ఉంది." చివర అదే రాకెట్ బొమ్మ, అవే హ్యాష్‌ట్యాగులు. చూసినవాళ్లకు క్షణంలో తెలిసిపోతుంది ఇది పైనుంచి వచ్చిన ఆర్డరని. పోస్టుల సంఖ్య పెరిగిందని నెలాఖరు రిపోర్టులో గీత పైకి వెళుతుంది, నమ్మకం కిందికి వెళ్లిన సంగతి ఏ రిపోర్టులోనూ కనిపించదు.

అమెజాన్ సంగతి చాలామందికి గుర్తుండే ఉంటుంది. 2018లో తన గోదాముల్లో పనిచేసేవాళ్లలో కొందరిని 'అంబాసిడర్లు'గా పెట్టి, ట్విట్టర్‌లో పని పరిస్థితుల గురించి మంచిగా రాయించింది. ఖాతాలన్నీ ఒకే మూసలో ఉండటంతో జనం అనుమానించారు, వెక్కిరించారు, నకిలీ ఖాతాలు కూడా పుట్టుకొచ్చాయి. ఆ కార్యక్రమాన్ని ఆపేసినట్టు 2022 మొదట్లో వార్తలొచ్చాయి. అంత డబ్బూ అన్ని వనరులూ ఉన్న సంస్థకే, మనిషి తనంతట తాను అనాల్సిన మాటను కొనుక్కోవడం సాధ్యపడలేదు.

ఇంకొన్ని కంపెనీలు బహుమతుల దారి పడతాయి. ఎవరు ఎక్కువ షేర్ చేస్తే వాళ్లకు పాయింట్లు, గిఫ్ట్ కార్డులు, బోర్డు మీద పేరు. ఇక్కడ మీ అమ్మాయి తప్పకుండా చదవాల్సిన ప్రయోగం ఒకటుంది. 1973లో మార్క్ లెప్పర్, డేవిడ్ గ్రీన్, రిచర్డ్ నిస్బెట్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు, బొమ్మలు గీయడమంటే అప్పటికే ఇష్టమున్న నర్సరీ పిల్లలను తీసుకుని, కొందరికి మాత్రం "గీస్తే సర్టిఫికెట్ ఇస్తాం" అని ముందే చెప్పారు. కొద్ది రోజుల తర్వాత, ఏ బహుమతీ లేకుండా ఆడుకోమని వదిలేసినప్పుడు, ఆ పిల్లలు మిగతావాళ్లతో పోలిస్తే దాదాపు సగం సేపే గీశారు. ముందు ఏమీ చెప్పకుండా చివర్లో సర్టిఫికెట్ ఇచ్చిన పిల్లల్లో మాత్రం ఆ తగ్గుదల లేదు. ఉద్యోగులు చిన్నపిల్లలు కారు, నిజమే. అయినా తన పని మీద ఇష్టంతో అప్పుడప్పుడూ రాసుకునే మనిషికి పాయింట్లు మొదలుపెడితే, పాయింట్లు ఆగిన రోజు రాయడం కూడా ఆగుతుంది. బాగా రాసినవాళ్లకు తర్వాత మనస్ఫూర్తిగా ఒక థాంక్స్ చెప్పడం వేరు, ముందే రేటు కట్టడం వేరు.

ఇంకో అనుమానం ఉద్యోగ భద్రత గురించి. ఈ రంగం చుట్టూ హడావిడి ఎక్కువ, నిలకడ తక్కువ. లింక్డ్‌ఇన్ 2015లో 'ఎలివేట్' అని దీనికోసమే ఒక ప్రత్యేక సాధనం తెచ్చి, 2020లో దాన్ని మూసేసి, అందులోని పనులు కొన్నింటిని కంపెనీ పేజీల్లో కలిపేసింది. ఏదో ఒక సాఫ్ట్‌వేర్ నడపడమే తన నైపుణ్యం అనుకున్నవాళ్లకు అలాంటి రోజున చేతిలో ఏమీ మిగలదు. ఖర్చులు తగ్గించుకునేటప్పుడు కంపెనీ ముందు చూసేది కూడా ఇలాంటి కొత్త పేరున్న చిన్న టీముల వైపే. హెచ్‌ఆర్ ఎగ్జిక్యూటివ్ పనిలో ఆ భయం కాస్త తక్కువ, జీతాలు, సెలవులు, నియామకాలు ఏ కంపెనీకైనా తప్పవు గనుక.

ఇక మీ సంగతి. మీ అమ్మాయి ఖాతాలో మీరు పోస్టులు రాసి పెడుతున్నానని చాలా మామూలుగా రాశారు. కోపం తెచ్చుకోకండి, నేను పైన తిట్టిన కంపెనీలు చేస్తున్నదీ ఇదే. ఎంబీఏ చదివిన ఆడపిల్లకు తన పేరు మీద తను మాట్లాడే హక్కు లేదా? ఇంటర్వ్యూ చేసినవాళ్లు ఆ పోస్టులు చదివి, వాటి గురించి తనను అడిగితే ఏం చెప్పాలి, "అవి మా నాన్నగారు రాశారు" అనా? నలుగురిలో చొరవగా మాట్లాడదని మీరే అంటారు, మాట్లాడాల్సిన చోట మీరే మాట్లాడేస్తారు. మీరు ప్రేమతోనే చేశారని నాకు తెలుసు. కానీ అది ఆపండి. ఈ రోజే పాస్‌వర్డ్ తన చేత మార్పించండి, కొత్తది మీరు అడగొద్దు.

నెమ్మది మనిషి అని మీరు బెంగపడుతున్నారు చూడండి, ఈ పనికి అదే కావాలి. గట్టిగా మాట్లాడేవాళ్లు కంపెనీల్లో బోలెడుమంది ఉంటారు. కావాల్సింది వినేవాళ్లు. కస్టమర్ సపోర్టులో చేసే ఒకరి పక్కన పావుగంట కూర్చుని "ఈ వారం మిమ్మల్ని బాగా ఇబ్బంది పెట్టిన సమస్య ఏమిటి, ఎలా తేల్చారు?" అని అడిగి, వాళ్లు చెప్పింది వాళ్ల మాటల్లోనే రాసిచ్చి, "మార్చుకోండి, వద్దనుకుంటే పక్కన పడేయండి" అని చెప్పగలిగితే చాలు. అలా వచ్చిన ఐదు వాక్యాల పోస్టు, రాకెట్ బొమ్మ పెట్టిన వంద పోస్టుల కంటే ఎక్కువ పని చేస్తుంది, ఎందుకంటే అందులో ఒక మనిషి, ఒక చిక్కు, ఒక పరిష్కారం ఉన్నాయి. చాలామంది రాయకపోవడానికి కారణం కంపెనీ మీద అయిష్టం కాదు. ఏం రాయాలో తెలియదు, తప్పు రాస్తే ఏమవుతుందో అని భయం, పైగా టైముండదు. ఏది రాయొచ్చో ఏది రాయకూడదో, అంటే కస్టమర్ల పేర్లు, ఇంకా విడుదల కాని ఉత్పత్తులు, ప్రకటించని ఆర్థిక ఫలితాలు వంటివి, ఒక్క పేజీలో స్పష్టంగా ఇచ్చి, ఆఫీసు వేళల్లోనే అరగంట రాసుకోనిస్తే సగం భయం పోతుంది. తాము అక్కడే పనిచేస్తున్నామని పోస్టులో చెప్పించడం కూడా మరిచిపోకూడదు, కంపెనీ ఉత్పత్తిని మెచ్చుకునే ఉద్యోగి ఆ సంబంధాన్ని స్పష్టంగా చెప్పాలని అమెరికాలో వినియోగదారుల రక్షణ చూసే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌టీసీ మార్గదర్శకాలు కూడా అంటాయి.

పైగా ఈ పనిలో నేర్చుకునేది వృథా పోదు. మనిషి చేత మాట్లాడించడం, విన్నది శుభ్రంగా రాయడం, నచ్చని మాటను మేనేజర్‌కు మర్యాదగా చెప్పడం, ఇవి వచ్చినవాళ్లు నియామకాల్లోకి, అంతర్గత కమ్యూనికేషన్లలోకి, బ్రాండ్ పనిలోకి తేలిగ్గా మారగలరు. రెండేళ్ల తర్వాత ఈ టీమే లేకపోయినా తను రోడ్డున పడదు. ఆ టెన్షన్ మీరు పెట్టుకోకండి.

పోల్చమన్నారు కాబట్టి సూటిగా చెబుతాను. స్థిరత్వమే ముఖ్యమైతే హెచ్‌ఆర్. మనుషులతో మాట్లాడుతూ రాస్తూ ఉండటం ఇష్టమైతే రెండోది. అయితే రెండోదానికి సరే అనే ముందు తను, మీరు కాదు, తనే ఆ కంపెనీని కొన్ని విషయాలు అడగాలి. పోస్టు పెట్టనివాళ్లకు అప్రైజల్‌లో ఏమైనా నష్టం ఉంటుందా? పెద్ద మేనేజర్లు స్వయంగా రాస్తున్నారా, లేక కిందివాళ్ల చేతే రాయిస్తున్నారా? సొంత ఖాతాలో కంపెనీ గురించి రాసినందుకు ఎవరైనా ఉద్యోగిని బూతులు తిడితే కంపెనీ ఏం చేస్తుంది? "మా వాళ్లు రాయనంటున్నారు, కారణం ఇదీ" అని తను చెబితే వినేవాళ్లు ఎవరు? ఈ చివరి ప్రశ్నకు నీళ్లు నమిలితే మాత్రం వెనక్కి రమ్మంటాను. ఉద్యోగులు అసంతృప్తిగా ఉన్న చోట వాళ్ల చేత పొగడ్తలు రాయించే పని మొదటి ఉద్యోగంగా ఏ పిల్లకూ వద్దు, అది రోజూ మనసును తినేస్తుంది.

జవాబులు బాగుంటే చేరనివ్వండి. చేరాక మొదటి మూడు నెలలు ఎన్ని షేర్లు వచ్చాయని మీరు అడగొద్దు, ఈ వారం ఎవరితో మాట్లాడావని అడగండి. ఇన్నాళ్లూ మీరు తన పేరుతో రాసిన పోస్టులు ఉంచాలా తీసేయాలా అన్నది కూడా తననే తేల్చుకోనివ్వండి, తీసేస్తే చిన్నబుచ్చుకోకండి.