చెక్కు డిజానర్ అయిందా? ముందు మెమోలో కారణం చూడండి

బాకీ కింద తీసుకున్న చెక్కు డిజానర్ అయిందని బ్యాంకు మెమో చేతిలో పెట్టింది, అంటే అవతలివాడు మోసం చేసినట్టేనా, వెంటనే కేసు వేయొచ్చా అని అడిగారు. గుంటూరులో ఒక బ్యాంకు శాఖలో క్లియరింగ్ సీటులో చాలాకాలం పనిచేశాను. మిర్చి సీజన్లో చెక్కులు కట్టలుకట్టలుగా వచ్చేవి. అందులో వెనక్కి పోయేవీ తక్కువేం కాదు.

డిజానర్ అంటే ఆ చెక్కుకి బ్యాంకు డబ్బు ఇవ్వలేదు, అంతవరకే. ఎందుకివ్వలేదో మెమోలో ఒక్క ముక్కలో ఉంటుంది. జనం మాత్రం అది చదవకుండానే గొడవకి దిగుతారు.

చెక్కు తేదీ దాటి మూడు నెలలైపోయినా (2012 ఏప్రిల్ 1కి ముందు ఆరు నెలలుండేది), అంకెల్లో ఒకటీ అక్షరాల్లో ఒకటీ ఉన్నా, పేరో మొత్తమో కొట్టేసి దిద్దినా తిప్పి పంపేస్తారు. పక్కన సంతకం పెట్టాడు కదా అంటే ఇప్పుడు కుదరదు. వీటికి లాయరు దాకా పోనక్కర్లేదు, కొత్త చెక్కు రాయించుకోండి.

సంతకం తేడా అని వస్తే కాస్త ఆలోచించాలి. ఒకసారి ఒక పెద్దాయన సరుకు తాలూకు చెక్కు వెనక్కొచ్చిందని మెమో పట్టుకుని కౌంటర్ దగ్గరికొచ్చాడు. "సంతకం కలవలేదు బాబాయ్" అన్నాను. "అదేంటయ్యా, నా ఎదురుగానే పెట్టాడు గదా!" అన్నాడు. నిజమే, పెట్టినవాడు అతనే. ఖాతా తెరిచినప్పుడు తెలుగులో పెట్టి, ఇప్పుడు ఇంగ్లీషులో గీకుతున్నాడు. పెద్దాయన వెళ్లి ఇంకో చెక్కు తెచ్చుకున్నాడు, అది పాసైంది. అలాగని అందరూ అమాయకులు కారు. డబ్బు ఎగ్గొట్టడానికి కావాలనే సంతకం మార్చేవాళ్లూ ఉన్నారు. సంతకం తేడా వచ్చినా కేసు నిలుస్తుందని సుప్రీంకోర్టు 2012లోనే చెప్పింది. ఖాతా మూసేసినా అంతే. 'పేమెంట్ స్టాప్' (చెక్కు రాసినవాడే డబ్బు ఇవ్వొద్దని బ్యాంకుకి చెప్పడం) అయితే, ఖాతాలో డబ్బుంది, సరుకు చెడిపోయింది కాబట్టి ఆపాను అని రుజువు చేసుకోగలిగితే అతను బయటపడొచ్చు.

'ఫండ్స్ ఇన్‌సఫిషియెంట్', 'ఎక్సీడ్స్ అరేంజ్‌మెంట్' అసలు గొడవంతా వీటితోనే. మొదటిదంటే ఖాతాలో సరిపడా డబ్బు లేదని. రెండోది ఎక్కువగా వ్యాపారుల ఓడీ (ఓవర్‌డ్రాఫ్ట్), సీసీ (క్యాష్ క్రెడిట్) అప్పు ఖాతాల్లో కనబడుతుంది, అంటే బ్యాంకు ఇచ్చిన పరిమితి దాటిపోయిందన్నమాట. ఇలా వస్తే ముందు ఫోన్ చేసి అడగండి. ఫలానా రోజు వేసుకో అంటే, మూడు నెలల గడువు లోపల అదే చెక్కు మళ్లీ వేయొచ్చు. యార్డు వ్యాపారుల చెక్కులు రెండోసారి పాసవడం ఎన్నోసార్లు చూశాను.

రెండోసారీ తన్నేస్తే నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం సెక్షన్ 138. చట్టం 1881 నాటిదే అయినా, చెక్కు బౌన్స్ నేరమైంది 1989 ఏప్రిల్ 1 నుంచి. రెండేళ్ల దాకా జైలు, చెక్కు మొత్తానికి రెట్టింపు దాకా జరిమానా, లేదా రెండూ. తిరిగొచ్చిన సంగతి మీకు తెలిసిన 30 రోజుల్లోపు రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలి, అందులో చెక్కు మొత్తం స్పష్టంగా అడగాలి. నోటీసు అందాక అతనికి 15 రోజులు టైముంటుంది. అప్పటికీ కట్టకపోతే ఆ తర్వాత నెల లోపు కోర్టులో ఫిర్యాదు వేయాలి. మీరు చెక్కు వేసిన మీ ఖాతా శాఖ ఎక్కడుంటే కేసు అక్కడే, 2015 సవరణ తర్వాత అవతలివాడి ఊరికి తిరగనక్కర్లేదు. 'రేపిస్తా, ఎల్లుండిస్తా' అనే మాట నమ్మి 30 రోజులు దాటించుకున్నవాళ్లనే నేనెక్కువ చూశాను. చెక్కుకి ఇంకా గడువుంటే మళ్లీ వేసి, కొత్త మెమో మీద నోటీసు ఇవ్వొచ్చు. గడువు కూడా పోతే సివిల్ దావాయే దిక్కు.

ఇంకో మాట. సరదాగా బహుమతి ఇచ్చిన చెక్కుకో, చందా కింద రాసిచ్చిన దానికో 138 వర్తించదు. చట్టప్రకారం తీర్చాల్సిన బాకీ ఉండాలి. చెక్కు ఇచ్చాడంటే బాకీ ఉన్నట్టే కోర్టు మొదట అనుకుంటుంది, లేదని చూపించుకోవాల్సింది అతనే.

చెక్కే లేదు, ఖాతా నుంచి వాయిదా ఆటోమేటిక్‌గా కట్ అయ్యేలా పెట్టాను, నాకేం భయం అనుకునేవాళ్లున్నారు. డబ్బు చాలక అది ఆగినా 2007 నాటి పేమెంట్ అండ్ సెటిల్‌మెంట్ సిస్టమ్స్ చట్టం సెక్షన్ 25 కింద శిక్ష అంతే.

తప్పు బ్యాంకుదయ్యే సందర్భాలూ ఉన్నాయి. ఖాతాలో సరిపడా డబ్బుంది, చెక్కు సవ్యంగా ఉంది, అయినా తిప్పి పంపారనుకోండి. అప్పుడు నష్టపరిహారం అడిగే హక్కు అదే 1881 చట్టం సెక్షన్ 31 ప్రకారం చెక్కు రాసినవాడికి ఉంటుంది. ఊళ్లో పరువు పోయేది అతనిది కదా! అందుకే మీరు అరిచే ముందు అవతలివాణ్ని ఒకసారి పాస్‌బుక్కు చూసుకోమనండి.

మీ మెమోలో ఏ కారణం ఉందో, అది ఏ తేదీన మీ చేతికొచ్చిందో పేర్లు, ఖాతా నంబర్లు లేకుండా ఇక్కడ రాయండి. నోటీసు ఇప్పుడే ఇవ్వాలో, ఇంకోసారి వేసి చూడొచ్చో చెబుతాను.