చదువుల సందేహాలు: పబ్లిక్ హెల్త్ డిగ్రీ ఎవరికి, ఎందుకు?

ప్ర: మాది విజయవాడ సత్యనారాయణపురం. బైపీసీ పూర్తయింది, నీట్‌లో ర్యాంకు రాలేదు. మూడేళ్ల బీపీహెచ్‌లో (బ్యాచిలర్ ఆఫ్ పబ్లిక్ హెల్త్) చేరమని కన్సల్టెన్సీవాళ్లు అంటున్నారు. ‘దాదాపు డాక్టరు చదువే’నట. నిజమేనా?

జ: ఆ ‘దాదాపు’ దగ్గరే మోసం ఉంది. బీపీహెచ్ చదివినవాళ్లు రోగిని పరీక్షించరు, మందు రాయరు. డాక్టరు తన ఎదుట కూర్చున్న ఒక్కరిని చూస్తారు, ఈ చదువు వీధి మొత్తాన్ని చూడమంటుంది. ఒకే వారంలో ఒకే వీధిలో ముప్పై మందికి విరేచనాలు పట్టుకుంటే సెలైన్ ఎక్కించడం ఆస్పత్రి పని. వాళ్లంతా ఏ కుళాయి నీళ్లు తాగారు, పక్క వీధికి ఎందుకు సోకలేదు అని తేల్చడం పబ్లిక్ హెల్త్ పని. కలరా నీళ్ల వల్ల వస్తుందంటే చాలామంది వైద్యులే ఒప్పుకోని 1854లో, లండన్‌లో జాన్ స్నో చావులు జరిగిన ఇళ్లను లెక్కగట్టి బ్రాడ్ స్ట్రీట్ చేతిపంపు దాకా వెళ్లింది ఈ పద్ధతిలోనే.

సిలబస్ తెప్పించుకుని చూడండి. ఎపిడెమియాలజీ (జబ్బు ఎవరికి, ఎక్కడ, ఎందుకు వస్తుందో తేల్చే శాస్త్రం), బయోస్టాటిస్టిక్స్ (ఆరోగ్య గణాంకాలు), పర్యావరణ ఆరోగ్యం, ఆరోగ్య విధానం-నిర్వహణ, సామాజిక ప్రవర్తన శాస్త్రాలు అనే ఐదూ ఉండాలి. మన దేశంలో ఈ సబ్జెక్టుకు గట్టి పునాది పీజీలో, అంటే మాస్టర్ ఆఫ్ పబ్లిక్ హెల్త్ అనే ఎంపీహెచ్‌లో ఉంది. కోల్‌కతాలోని ఆలిండియా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ హైజీన్ అండ్ పబ్లిక్ హెల్త్ 1932లో పుట్టింది. తిరువనంతపురంలో అచ్యుత మీనన్ సెంటర్, చెన్నైలో నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఎపిడెమియాలజీ, హైదరాబాద్‌లో ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ పబ్లిక్ హెల్త్ (ఐఐపీహెచ్) ఉన్నాయి. కొన్ని సంస్థలు ఏ డిగ్రీవాళ్లనైనా ఎంపీహెచ్‌లోకి తీసుకుంటాయి, కొన్ని వైద్య సంబంధ డిగ్రీలకే సీటిస్తాయి. కాబట్టి ముందు చేరాలనుకునే ఎంపీహెచ్ ప్రాస్పెక్టస్‌లో అర్హత చదివి, ఆ తర్వాతే డిగ్రీ ఎంచుకోండి. మంచి బీపీహెచ్ దొరక్కపోతే బీఎస్సీ నర్సింగ్ గానీ, స్టాటిస్టిక్స్ ఉన్న బీఎస్సీ గానీ మేలు. పేరుకు పబ్లిక్ హెల్త్, లోపల డొల్ల అయిన కోర్సు కన్నా అవే నయం.

ప్ర: గుంటూరులో చదువుతున్నాను. లెక్కలంటే భయంతోనే బైపీసీ తీసుకున్నాను. స్టాటిస్టిక్స్ తప్పించుకునే దారి ఉందా?

జ: లేదు. అయితే మొదట్లో ఎక్కువగా అవసరమయ్యే లెక్క కూడిక, భాగహారం, శాతాలే. ఒక ఊహా లెక్క చూడండి.

పెళ్లి భోజనం చేసిన 120 మందిలో 45 మందికి వాంతులయ్యాయి. కొత్తవాళ్లు ఆస్పత్రికి పరిగెత్తి ఆ 45 మందినే ‘ఏం తిన్నారు?’ అని అడుగుతారు. అందరూ అన్నం తిన్నామంటారు. అన్నమే దోషి అని రాసేస్తారు. బాగున్న 75 మందీ అన్నం తిన్నవాళ్లే కదా! జబ్బు పడనివాళ్లను అడగకపోవడమే ఈ విద్యలో అందరూ చేసే మొదటి తప్పు.

ఇప్పుడు 120 మందినీ అడగండి. పాలకోవా తిన్నవాళ్లు 80 మంది, వాళ్లలో జబ్బు పడింది 40, అంటే 50 శాతం. తిననివాళ్లు 40 మంది, జబ్బు పడింది 5, అంటే 12.5 శాతం. ఈ శాతాలను ఎటాక్ రేటు అంటారు. 50ని 12.5తో భాగిస్తే 4. కోవా తిన్నవాళ్లకు జబ్బు ముప్పు నాలుగింతలు. ఇదే రిలేటివ్ రిస్క్. విందులోని ప్రతి వంటకానికీ ఇదే లెక్క వేసి, దేని అంకె పెద్దదో చూస్తారు. కోవా తిన్నవాళ్లే గోంగూర చట్నీ కూడా ఎక్కువగా తిని ఉంటే చట్నీ అంకె కూడా ఉబ్బుతుంది. అప్పుడు చట్నీ తిన్నవాళ్లనూ తిననివాళ్లనూ విడదీసి, రెండు గుంపుల్లోనూ కోవా లెక్క మళ్లీ వేయాలి.

తర్వాత గడియారం చూడాలి. తిన్న ఒకటి నుంచి ఆరు గంటల్లోపే వాంతులు మొదలైతే స్టెఫైలోకాకస్ అనే బ్యాక్టీరియా విషం అనుమానించాలి. వంటవాళ్ల చేతి పుండ్ల నుంచో, ముక్కు నుంచో చేరిన బ్యాక్టీరియా ముందే విషం తయారుచేసి పెట్టింది కాబట్టి మళ్లీ వేడి చేసినా అది పోదు. చాలామందికి పన్నెండు గంటలు దాటాక జ్వరంతో విరేచనాలు మొదలైతే సాల్మొనెల్లా బ్యాక్టీరియా వైపు చూస్తారు. ఇంత కథలో లెక్క ఎంత? ఒక భాగహారం.

ప్ర: ఫైనలియర్ ప్రాజెక్టుగా బుడమేరు వరద ముంచిన కాలనీలో తాగునీటి మీద సర్వే చేద్దామనుకుంటున్నాం. ఎన్ని ఇళ్లు తిరగాలి? క్లోరిన్ ఎలా చూడాలి?

జ: 2024 సెప్టెంబర్ వరద తర్వాత నీళ్ల గురించి అడిగితే జనం తలుపు తీసి మాట్లాడతారు, విషయం మంచిదే. ముందు కాలేజీ ఎథిక్స్ కమిటీ అనుమతి తీసుకోండి. సర్వే అయ్యాక అడిగితే ఇవ్వరు.

95 శాతం నమ్మకంతో, పది శాతం అటూఇటూగా ఒక అంచనా కావాలంటే 96 ఇళ్లు చాలు. అదే ఐదు శాతం తేడాతో కావాలంటే 384 అవుతాయి, ఇద్దరు ముగ్గురు విద్యార్థులకు అది మోయలేని బరువు. తలుపు తీయనివాళ్లను లెక్కలో పెట్టుకుని 107 అనుకోండి. కాలనీలో 1,200 ఇళ్లుంటే పదకొండింటికి ఒకటి. మొదటి ఇల్లు 1 నుంచి 11 లోపు చీటీ తీసి నిర్ణయించండి. తాళం వేసిన ఇంటికి బదులు పక్కింట్లో అడిగేశామంటారు, సర్వేలు పాడయ్యేది అక్కడే. పగలు తాళం పడేది ఆడామగా ఇద్దరూ పనికి వెళ్లే ఇళ్లకు. వాళ్లను వదిలేస్తే మీ సర్వే ఇంటిపట్టున ఉండేవాళ్ల సర్వే అవుతుంది. సాయంత్రం, ఆదివారం, మొత్తం మూడుసార్లు వెళ్లండి.

క్లోరిన్‌ను ట్యాంకు దగ్గర, లైను చివరి కుళాయి దగ్గర, ఇంట్లో బిందెలో విడివిడిగా చూడాలి. పైపులో పోయేకొద్దీ క్లోరిన్ ఖర్చవుతుంది. చివరి కుళాయిలో లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములు మిగలాలి. నీళ్లలో ఓటీ (ఆర్థోటోలిడిన్) ద్రావణం చుక్కలు వేశాక వచ్చే పసుపు రంగును పది సెకన్లలోపే పోల్చుకోవాలి. ఆలస్యమైతే ఇంకా విడిగా ఉన్న ఫ్రీ క్లోరిన్‌తోపాటు మలినాలతో కలిసిపోయిన క్లోరిన్ కూడా రంగు చూపి, లేని భద్రత ఉన్నట్టు కనిపిస్తుంది. ఓటీ ఆరోగ్యానికి మంచిది కాదు, క్లోరిన్ పరీక్షకే వాడే డీపీడీ బిళ్లలు దొరికితే అవే వాడండి.

కుళాయి గుంటలున్న ఇళ్లను, లైనుకే నేరుగా మోటారు పెట్టిన ఇళ్లను ప్రత్యేకంగా రాసుకోండి. సరఫరా ఆగినప్పుడు పైపులో ఒత్తిడి తగ్గుతుంది, మోటారు ఇంకా లాగుతుంది. ఎక్కడ పగులుంటే అక్కడ గుంటలోని మురుగు లోపలికి పోతుంది.

సంపు శుద్ధి గురించి జనం మిమ్మల్నే అడుగుతారు. పొడవు 5, వెడల్పు 3, నీటి లోతు 2 మీటర్లయితే 30,000 లీటర్లు. వెయ్యి లీటర్లకు 2.5 గ్రాముల బ్లీచింగ్ పౌడర్ చొప్పున 75 గ్రాములు. బకెట్‌లో ముద్దలా కలిపి, నీళ్లు పోసి, ఐదు పది నిమిషాలు తేరనిచ్చి పైనీళ్లే సంపులో పోయాలి, అడుగున మిగిలే సున్నాన్ని పారేయాలి. గంట ఆగాక పరీక్షించాలి. తాజా పౌడర్‌లో క్లోరిన్ 33 శాతం దాకా ఉంటుంది. మూత తీసిన బస్తాలో నెలల తరబడి ఉన్నదానికి ఆ సత్తువ ఉండదు. బురద నీళ్లలో వేసినా క్లోరిన్ ఆ బురదకే ఖర్చయిపోతుంది. వరద తర్వాత సంపు కడగకుండా పౌడర్ వేస్తే ఉపయోగం లేనిది ఇందుకే.

ప్ర: మా అమ్మాయి బీపీహెచ్ చదువుతానంటోంది. ఉద్యోగం వస్తుందా? — మంగళగిరి నుంచి ఒక తండ్రి

జ: డిగ్రీతో ఆపేస్తే చాలావరకు సర్వేలు, స్వచ్ఛంద సంస్థల ప్రాజెక్టులు, డేటా పనులే, అవీ కాంట్రాక్టు మీద. మన పల్లెల్లోని హెల్త్ క్లినిక్కుల్లో ఉండే మిడ్ లెవెల్ హెల్త్ ప్రొవైడర్, అంటే ఎంఎల్‌హెచ్‌పీ పోస్టుకు బీఎస్సీ నర్సింగ్ అడుగుతారు. జిల్లా ఎపిడెమియాలజిస్టుకు సాధారణంగా పీజీ కావాలి. కాబట్టి మూడేళ్లకు కాదు, ఐదేళ్లకు లెక్కేసుకోండి.

ఫీజు కట్టేముందు కాలేజీవాళ్లను మూడు సంగతులు అడగండి. స్టాటిస్టిక్స్ చెప్పేది ఆ సబ్జెక్టు చదివినవారేనా? ఫీల్డు పని ఎన్ని వారాలు, ఏ ఆరోగ్య కేంద్రంలో, దానికి రాతపూర్వక ఒప్పందం ఉందా? గత బ్యాచ్‌వాళ్లు ఇప్పుడు ఎక్కడున్నారు? మూడోదానికి ఫ్లెక్సీ చూపిస్తే సరిపోదు, ఇద్దరి ఫోన్ నంబర్లు ఇప్పించుకుని మాట్లాడండి.

ప్ర: సెలవుల్లో ఖర్చు లేకుండా ఏం నేర్చుకోవచ్చు?

జ: ఎపీ ఇన్ఫో, ఆర్ అనే రెండు గణాంకాల సాఫ్ట్‌వేర్లూ ఉచితం. మొదటిదానితో మొదలుపెట్టండి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత జిల్లా ఫ్యాక్ట్‌షీట్లు దించుకుని కృష్ణా, గుంటూరు అంకెలను పక్కపక్కన పెట్టి చదవండి. ఆ సర్వే 2019-21 నాటిది, జిల్లాల విభజన 2022 ఏప్రిల్‌లో జరిగింది. అందులో ఎన్టీఆర్, పల్నాడు, బాపట్ల జిల్లాల కోసం వెతక్కండి. పాత గుంటూరు అంకెను తెచ్చి కొత్త గుంటూరుకు అంటగట్టకండి.