కోల్డ్ ఎయిర్ ఇన్‌టేక్ వేయిస్తే వానాకాలంలో ఇంజన్‌లోకి నీళ్లు పోతాయా?

మీది 1.2 పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్, అనంతపురంలో తిరుగుతుంది, రోజూ రైల్వే అండర్‌బ్రిడ్జి దాటాలి. కోల్డ్ ఎయిర్ ఇన్‌టేక్ అంటే ఇంజన్‌కు బయటి చల్లగాలి తెచ్చే పైపు. షాపువాళ్లు ఆ పైపు కిందికి దించి బంపర్ వెనక గరాటు ఆకారపు కోన్ ఫిల్టర్ పెడతామంటున్నారు, "వానకు ఏం కాదు, ఫిల్టర్‌కు జాకెట్ తొడుగుతాం" అంటున్నారు. నమ్మొచ్చా అని అడిగారు.

వాళ్ల మాట సగం నిజం. వానలో నడిపితే ఏమీ కాదు. టైరు చిమ్మే నీళ్లకూ పెద్దగా ఏమీ కాదు. ఫిల్టర్‌కు అంటిన తుంపర్లలో చాలావరకు అక్కడే కారిపోతాయి, లోపలికి పోయిన కాస్తా ఇంజన్ వేడికి ఆవిరైపోతుంది. ఇబ్బందంతా నిలిచిన నీళ్లతోనే. ఫిల్టర్ పూర్తిగా మునిగితే గాలి దారి మూసుకుపోయి, ఇంజన్ గాలికి బదులు నీళ్లు పీలుస్తుంది. కాబట్టి షాపులో అడగాల్సింది వాన గురించి కాదు, ఫిల్టర్ అడుగు భాగం నేల నుంచి ఎన్ని సెంటీమీటర్ల ఎత్తులో ఉంటుందో అడగండి.

బోనెట్ ఎత్తి చూడండి. కంపెనీ గాలి గొట్టం నోరు చాలా బండ్లలో రేడియేటర్ పైపట్టీ దగ్గర, దాదాపు హెడ్‌లైట్ ఎత్తులో ఉంటుంది. టేపు పెట్టి కొలవండి. ఆ నోరు అక్కడుండటానికి కారణాలు రెండు: ఎదురుగాలి చల్లగా తగలాలి, నీళ్లు అందకూడదు. కంపెనీ ఎయిర్ ఫిల్టర్ డబ్బా అడుగున చిన్న రంధ్రం కూడా ఉంటుంది, లోపలికొచ్చిన నీళ్లు కారిపోవడానికి. దాన్ని మూసేయకండి. ఇప్పుడు షాపువాళ్లు చెప్పే చోటు కొలవండి. బంపర్ మూలలో, ముందు చక్రం పక్కన ఫిల్టర్ అడుగు చాలాసార్లు 25, 30 సెంటీమీటర్ల దగ్గరకు దిగుతుంది. 185/65 ఆర్15 టైరుకు చక్రం నడిబొడ్డు నేల నుంచి 30 సెంటీమీటర్లు. అంటే నీళ్లు చక్రం సగానికి వచ్చేసరికి ఫిల్టర్ మునగడం మొదలైనట్టే. మామూలు కారు అయితే ఆ లోతును మెల్లగా దాటేస్తుంది.

ఎన్ని నీళ్లు పోతే ఇంజన్ పోతుంది? లెక్క కడితే భయమేస్తుంది. 1,197 సీసీని నాలుగు సిలిండర్లకు పంచితే ఒక్కోదానికి 299 సీసీ. కంప్రెషన్ నిష్పత్తి, అంటే సిలిండర్‌లోని గాలిని ఎన్నో వంతుకు నొక్కుతుందో, 11:1 అనుకుంటే, పిస్టన్ పైదాకా వచ్చాక మిగిలే చోటు 30 మిల్లీలీటర్లు. దగ్గుమందు సీసా మీది 10 మి.లీ. మూతతో మూడు మూతలు, అంతే. డీజిల్‌లో ఇంకా తక్కువ: 1,248 సీసీ, 17.6:1 ఉన్న ఇంజన్‌లో ఆ చోటు 19 మి.లీ. మాత్రమే. గాలి నలుగుతుంది, నీళ్లు నలగవు. వాల్వులు మూసుకుని పిస్టన్ పైకి వస్తుంటే నీళ్లకు పోయే దారి లేదు. ఫ్లైవీల్ తిరిగే ఊపుకు, అడ్డం పడిన నీళ్లకు మధ్య నలిగేది పిస్టన్‌ను క్రాంక్‌కు కలిపే కనెక్టింగ్ రాడ్. అది వంగుతుంది. స్పీడు ఎక్కువగా ఉంటే విరిగి బ్లాకును చీల్చుకుని బయటికొస్తుంది.

"పైపు కిందికున్నా నీళ్లు అంత ఎత్తు ఎక్కవు" అనే మాట కూడా వింటుంటాం. తప్పు. నీళ్లను 40 సెంటీమీటర్లు పైకి లాగాలంటే కావాల్సిన పీడన తేడా సుమారు 40 మిల్లీబార్లు. ఐడ్లింగ్‌లో ఉన్న పెట్రోల్ ఇంజన్ మ్యానిఫోల్డ్‌లో (సిలిండర్లకు గాలి పంచే గొట్టంలో) బయటి గాలి కన్నా 600 మిల్లీబార్లకు పైగా తక్కువ ఉంటుంది. ఫిల్టర్ నోరు నీళ్లతో మూసుకుపోగానే ఆ పీల్పు పైపులోకి దిగుతుంది. యాక్సిలరేటర్ తొక్కితే ఇంకా త్వరగా. 3,000 ఆర్‌పీఎం దగ్గర పూర్తిగా తొక్కితే ఈ ఇంజన్ నిమిషానికి 1,500 లీటర్ల దాకా గాలి తాగుతుంది. సెకనుకు 25 లీటర్లు. ఆ లాగుడుకు 30 మి.లీ. నీళ్లు ఒక లెక్కా?

మన దగ్గర వాన తక్కువ కదా అని కొట్టిపారేయొద్దు. జిల్లా సగటు వాన ఏడాదికి 550 మిల్లీమీటర్ల చిల్లరే, కానీ అందులో పెద్ద భాగం సెప్టెంబరు, అక్టోబరుల్లోనే కుమ్మరిస్తుంది. 2022 అక్టోబరులో నడిమి వంక, 2024 అక్టోబరులో పండమేరు వాగు పొంగి అనంతపురం కాలనీల్లోకి వచ్చాయి. కడపలో బుగ్గవంక 2020 నవంబరులో నివర్ తుఫానప్పుడు అదే పని చేసింది. 2009లో కర్నూలు వరద సంగతి చెప్పనక్కర్లేదు. అంత పెద్ద వరద రాకపోయినా, ఒక గంట గట్టి వానకే అండర్‌బ్రిడ్జి కింద మోకాటి లోతు నిలుస్తుంది. మోకాలంటే 45 నుంచి 50 సెంటీమీటర్లు. షాపువాళ్లు పెట్టే ఫిల్టర్ 30లో ఉంటుంది.

పైగా కనిపించే లోతే ఫిల్టర్‌కు తగిలే లోతు కాదు. బండి నీళ్లలో కదిలితే బంపర్ ముందు అల లేస్తుంది. స్పీడు పెరిగే కొద్దీ ఎత్తు పెరుగుతుంది, సరిగ్గా ఫిల్టర్ ఉన్న చోటే. ఎదురుగా బస్సో లారీయో వస్తే దాని అల వేరే. అందుకే ఏ బండైనా ఫస్ట్ గేర్‌లో, నడిచే వేగంతో, ఎదురుగా పెద్దబండి లేనప్పుడే దిగాలి. కిందికి దించిన ఇన్‌టేక్ ఉంటే, చక్రం సగం లోతున్న నీళ్లలోకి దిగకపోవడమే తప్ప వేరే దారి లేదు.

ఇక జాకెట్. అది నీటి తుంపర్లను జారవిడిచే గుడ్డ. గాలి దూరే గుడ్డలోంచి, ముంచితే నీళ్లూ దూరతాయి. తయారుచేసేవాళ్లే మునకకు పనికిరాదని రాస్తారు. బైపాస్ వాల్వ్ కొంత నయం. దాన్ని ఫిల్టర్‌కు, థ్రాటిల్‌కు (ఇంజన్‌లోకి పోయే గాలిని అదుపు చేసే తలుపుకు) మధ్య పైపులో వీలైనంత ఎత్తులో కోసి అతికిస్తారు. కింద ఫిల్టర్ మునిగి పైపులో పీల్పు పెరిగితే, వాల్వ్ తెరుచుకుని అక్కడి గాలి ఇంజన్‌కు అందుతుంది. అంతటితో నీళ్లు పైకెక్కడం ఆగిపోతుంది. కానీ వాల్వ్ కూడా నీటిమట్టం పైన ఉంటేనే పని చేస్తుంది. టర్బో బండ్లకు అది వాడకూడదు. పైగా అది తెరుచుకున్నప్పుడు పోయే గాలిని ఆపేది పలచటి ఫోమ్ మాత్రమే. మన దుమ్ములో ఆ ఫోమ్ గట్టిపడుతుంది, రబ్బరు ఎండకు పగులుతుంది, ఆరు నెలలకోసారి చూసుకోవాలి. ఎంతమంది చూస్తారు?

బిగించేటప్పుడు జరిగే తప్పులు వీటికి తోడు. పైపు దూర్చడానికి చక్రం లోపలి ప్లాస్టిక్ లైనర్‌ను కోసి అలాగే వదిలేస్తారు, టైరు బురదంతా నేరుగా ఫిల్టర్ మీదే. నల్లరేగడి నీళ్లయితే ఒక్క ట్రిప్పుకే కోన్ అట్టకట్టేస్తుంది. ఇంకొందరు తెలివిగా "నీళ్లు కారడానికి" పైపు అడుగున రంధ్రం పెడతారు. అది ఫిల్టర్ తర్వాత ఉంది కాబట్టి ఎండాకాలమంతా ఇంజన్ వడకట్టని దుమ్ము తాగుతుంది, వానాకాలంలో ఆ రంధ్రంలోంచే నీళ్లు కూడా. క్లిప్పులు వదులైన జాయింటుదీ అదే కథ.

బండి నీళ్లలో ఆగిపోతే ఏం చేయాలో వివరంగా చెప్తాను, ఎందుకంటే ఇంజన్ ఎక్కువగా పోయేది ఇక్కడే. ఆగిపోయిన క్షణంలో రాడ్ బాగానే ఉండొచ్చు. తర్వాత కొట్టే సెల్ఫ్ దాన్ని వంచుతుంది. కాబట్టి సెల్ఫ్ కొట్టకండి, ఒక్కసారి కూడా. గేర్‌లో పెట్టి తోయించడం అంతకన్నా ఘోరం. తాళం తీసి, న్యూట్రల్‌లో పెట్టి పొడి నేల మీదికి తోయించండి, బ్యాటరీ నెగెటివ్ విప్పండి. ఆటోమేటిక్ అయితే చక్రాలు నేలకు తగలకుండా ఎక్కించే బండి పిలిపించండి.

ముందు ఫిల్టర్ విప్పి, దాని తర్వాతి పైపు లోపల వేలు పెట్టి చూడండి. అక్కడ పొడిగా ఉంటే నీళ్లు ఇంజన్ దాకా పోలేదు, తడి వైరింగ్ వల్ల ఆగి ఉండొచ్చు. తడిగా ఉంటే ఇంజన్‌లోకి పోయినట్టే అనుకుని పని మొదలుపెట్టాలి. ఇగ్నిషన్ కాయిల్స్, ఇంజెక్టర్ల కనెక్టర్లు ఊడదీసి, నాలుగు స్పార్క్ ప్లగ్గులూ విప్పాలి. డీజిల్ అయితే హీటర్ ప్లగ్గులు. తర్వాత క్రాంక్ పుల్లీ బోల్టుకు పానా వేసి, ఇంజన్ మామూలుగా తిరిగే దిక్కులోనే చేత్తో రెండు పూర్తి చుట్లు తిప్పాలి. ఎక్కడైనా పట్టేస్తే బలవంతం చేయొద్దు. సాఫీగా తిరిగితే బ్యాటరీ కలిపి మూడు, నాలుగు సెకన్ల చొప్పున సెల్ఫ్ తిప్పండి. ప్లగ్గు రంధ్రాల్లోంచి నీళ్లు పిచికారీలా కొడతాయి, ముఖం పెట్టి చూడొద్దు. చుక్క రాకుండా అయ్యాక ఒక్కో సిలిండర్‌లో 5 మి.లీ. ఇంజన్ ఆయిల్ పోసి మళ్లీ తిప్పాలి. ఇదంతా అదే రోజు జరగాలి. రాత్రంతా వదిలేస్తే రింగుల దగ్గర తుప్పు మొదలవుతుంది.

ఆయిల్ గేజి కడ్డీ తీసి చూడండి. పాలు కలిసిన కాఫీ రంగు ఉంటే సంప్‌లోకి (ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టిలోకి) నీళ్లు చేరాయి. డ్రైన్ బోల్టు విప్పగానే ముందు నీళ్లే వస్తాయి, బరువు కాబట్టి అడుగున ఉంటాయి. చవక మినరల్ ఆయిల్, కొత్త ఫిల్టర్ వేసి పది పదిహేను నిమిషాలు ఐడ్లింగ్‌లో నడిపి, అదీ పారబోసి, అప్పుడు మంచి ఆయిల్ వేయండి. టర్బో డీజిల్‌లో గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ విప్పి నీళ్లు ఒంపడం మర్చిపోతారు. సగం లీటరు అందులోనే దాక్కుని, స్టార్ట్ చేశాక ఇంజన్‌లోకి పోతుంది.

స్టార్ట్ అయిందని సంబరపడి వదలకండి. ఒక్కో సిలిండర్ ఒత్తిడి కొలిచే కంప్రెషన్ టెస్ట్ తప్పనిసరి. ఒక సిలిండర్ మిగతావాటికన్నా 10, 15 శాతం తక్కువ చూపిస్తే రాడ్ కాస్త వంగి, పిస్టన్ పైదాకా రావట్లేదేమో అని అనుమానించాలి. అలాంటి ఇంజన్ టకటకమంటూ వారాల తరబడి నడుస్తుంది, ఏదో ఒక రోజు హైవే మీద రాడ్ విరుగుతుంది.

ఇన్సూరెన్స్ సంగతి: మామూలు సమగ్ర పాలసీలో ఇంజన్‌లోకి నీళ్లు పోయి జరిగే నష్టాన్ని సాధారణంగా పర్యవసాన నష్టం (ప్రమాదం తర్వాత దాని ఫలితంగా జరిగేది) కింద తోసేస్తారు. ఇంజన్ ప్రొటెక్షన్ యాడ్-ఆన్ ఉండాలి. అది ఉన్నా, మునిగాక సెల్ఫ్ కొట్టారని సర్వేయర్ తేలిస్తే, లేదా చెప్పకుండా మార్చిన ఇన్‌టేక్ కనిపిస్తే గొడవే. వేయించే ముందు కంపెనీకి రాసి, జవాబు దగ్గర పెట్టుకోండి. వారంటీ మీద ఆశ వదులుకోవాలి.

ఇంత చేసి దక్కేదేంటి? టర్బో లేని 1.2కు కంపెనీ డబ్బానే ముందునుంచి చల్లగాలి తెస్తోంది. మహా అయితే రెండు, మూడు హార్స్‌పవర్, మిగతాదంతా చప్పుడు. ఆ చప్పుడే కావాలంటే ఫిల్టర్ బోనెట్ కిందే పైన ఉండే షార్ట్ ర్యామ్ వేయించుకోండి. ఇంజన్ వేడి తగలకుండా అడ్డురేకు పెట్టించండి, లేకపోతే మే నెల ట్రాఫిక్‌లో ఉన్న పవరూ తగ్గుతుంది. నా ఓటు మాత్రం పాత డబ్బాలోనే పట్టే ప్యానెల్ ఫిల్టర్‌కు. కడిగి వాడే కాటన్ రకమైతే పూర్తిగా ఆరాకే నూనె పట్టించండి, అదీ పలచగా. నూనె ఎక్కువైతే ఎయిర్‌ఫ్లో సెన్సర్ ఉన్న డీజిల్ బండ్లలో దాని తీగకు అంటి రీడింగ్ చెడుతుంది. తాడిపత్రి, ఎర్రగుంట్ల వైపు రాతిపొడి, సిమెంటు దుమ్ములో తిరిగే పనుంటే కాటన్ జోలికి పోవద్దు. కంపెనీ పేపర్ ఫిల్టరే సన్నదుమ్మును బాగా ఆపుతుంది. మాన్యువల్‌లో రాసిన గడువులో సగానికే మార్చేయండి.